శంషాబాద్ నుంచి జిద్దాకు ఎన్ని గంటలు?

(హజ్ యాత్రికుల శిక్షణ శిబిరంలో సంస్థ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



హజ్ విధుల గురించి మౌలానా సాహెబ్ పొద్దుటి నుంచి వివరంగా చెప్పారు. నియ్యత్ ఎలా చేయాలి, తవాఫ్ ఎక్కడ మొదలుపెట్టాలి, మినాలో ఏ రోజు ఏం చేయాలి, ఇవన్నీ ఆయన నోటి నుంచి వినవలసిన విషయాలు. మా వంతుకు వచ్చింది చాలా చిన్న విషయం. శంషాబాద్ విమానాశ్రయం నుంచి జిద్దా విమానాశ్రయానికి ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది అన్నది. దీనికి కూడా ఒక ప్రసంగం కావాలా అని మా కమిటీలోనే ఒకరు నవ్వారు. ఫోనులో అడిగితే క్షణంలో చెబుతుంది కదా అన్నారు. నిజమే, చెబుతుంది. ఆ జవాబునే మేమూ కొన్నేళ్లు ఈ వేదిక మీది నుంచి చెప్పాం. అలా చెప్పడం వల్లనే ఒక సంవత్సరం ఒక పెద్దావిడకు ప్రాణం మీదికి వచ్చింది.

ముందు ఆ జవాబు ఏమిటో చెప్పుకుందాం. శంషాబాద్ నుంచి జిద్దాకు ఆకాశమార్గంలో సుమారు 4,130 కిలోమీటర్లు. విమానం ఆగకుండా వెళ్తే దాదాపు ఆరు గంటలు, గాలి అనుకూలిస్తే ఐదున్నర. తిరుగు ప్రయాణం కాస్త త్వరగా అవుతుంది. చలికాలంలో పైన పడమటి నుంచి తూర్పుకు గాలి బలంగా వీస్తుంది, అది వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వెళ్లేటప్పుడు ఎదురొస్తుంది. మొదట మదీనాకు వెళ్లే విమానాలకూ దూరం దాదాపు ఇంతే, 4,090 కిలోమీటర్లు. దారిలో అరేబియా సముద్రం, తర్వాత ఎడారి.

ఇక ఆ పెద్దావిడ సంగతి. పేరు చెప్పం, పాతబస్తీలో అందరూ ఆమెను ఖాలా అనే పిలుస్తారు. భర్త పోయాక కుట్టుమిషను మీద పిల్లల్ని పెంచి, రూపాయి రూపాయి దాచుకుని హజ్‌కు పేరు ఇచ్చుకుంది. ఆమెకు చెక్కెర జబ్బు, పొద్దున రాత్రి ఇన్సులిన్ సూది వేసుకోవాలి. శిబిరంలో చివరి వరుసలో కూర్చుని చెయ్యెత్తి అడిగింది, "బాబూ, ఎంతసేపు ప్రయాణం?" అని. మేము హుషారుగా చెప్పాం, "ఆరు గంటలే ఖాలా, నిద్రపోయి లేచేసరికి జిద్దా" అని. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది.

ఆమె ఆ ఆరు గంటల్ని నమ్మింది. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు బస్సులో వెళ్లినదానికన్నా రెండు గంటలు ఎక్కువ, అంతే కదా అనుకుంది. సూదులూ మందులూ పోకుండా ఉంటాయని పెద్ద పెట్టెలో బట్టల అడుగున పెట్టి తాళం వేసింది. విమానంలో మరుగుదొడ్డికి వెళ్లాలంటే భయం, సిగ్గు. ఆరు గంటలు ఓర్చుకుంటే చాలని ముందు రోజు మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేసింది.

ఇప్పుడు ఆమె ప్రయాణం ఎంతసేపు సాగిందో లెక్కవేద్దాం. ఫజ్ర్ నమాజు చేసుకుని ఉదయం 6 గంటలకు ఇల్లు వదిలింది. జాతీయ రహదారి మీద హైదరాబాద్ చేరి, నాంపల్లి హజ్ హౌస్‌లో దిగేసరికి 11. అక్కడ కాగితాలు, మెడలో వేసుకునే కార్డు, పెట్టెల అప్పగింత. పెట్టె ఆమె చేతిలో నుంచి పోయింది ఆ గడియలోనే. సాయంత్రం విమానాశ్రయానికి బస్సు. విమానం రాత్రి 10కి అన్నారు, ఆలస్యమై ఒంటిగంటకు ఎగిరింది. జిద్దాలో దిగినప్పుడు మన లెక్కలో ఉదయం 7, అక్కడి గడియారంలో నాలుగున్నర. వేలిముద్రలు, పాస్‌పోర్టు తనిఖీ, ఆ తర్వాత బస్సు కోసం వరుస. మామూలుగా అయితే మక్కా గదికి చేరేసరికి అక్కడి టైము పదకొండున్నర, అంటే మన టైము మధ్యాహ్నం రెండు. ఆమెతో వెళ్లినవాళ్లు అప్పుడే చేరారు. ఇంటి గడప నుంచి గది మంచం దాకా 32 గంటలు. అందులో విమానం గాలిలో ఉన్నది ఆరు గంటలు.

ఖాలా మాత్రం ఆ బస్సు ఎక్కలేదు. వరుసలో నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. రాత్రి సూది లేదు, పొద్దుటి సూది లేదు, ఒంట్లో నీళ్లు లేవు. భారత వైద్య బృందంవాళ్లు చూశారు, ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచారు. అల్లాహ్ దయవల్ల కోలుకుంది, హజ్ పూర్తి చేసుకుని వచ్చింది. జమ్‌జమ్, ఖర్జూరాలు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చినప్పుడు ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "ఆరు గంటలే కదా అని ఊరుకున్నా బాబూ" అంది. తలలు వంచుకుని విన్నాం. మేము చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆమె అడిగింది విమానం ఎంతసేపు ఎగురుతుందని కాదు. తాను ఎంతసేపట్లో చేరుతానని.

మన తాతముత్తాతల కాలంలో ఈ పొరపాటు జరగడానికి వీలుండేది కాదు. అప్పుడు హజ్ అంటే ముందు రైల్లో బొంబాయి. అక్కడ ముసాఫిర్‌ఖానాలో రోజుల తరబడి మకాం. తర్వాత ఓడ. 1877లో మొదలైన మొఘల్ లైన్ ఓడలు తరతరాలుగా హాజీలను జిద్దాకు చేర్చాయి. ఎర్ర సముద్రంలోకి ప్రవేశించాక కమరాన్ అనే దీవిలో దింపి, అంటువ్యాధులు లేవని తేలేదాకా ఉంచేవారు. మన దేశం నుంచి హజ్ ఓడలు 1995తో ఆగిపోయాయి. ఓడలో వెళ్లినవాళ్లు ఊరగాయ జాడీలు, పిండి డబ్బాలు, మందు పొట్లాలు, కొందరైతే తమ కఫన్ గుడ్డ కూడా వెంట తీసుకెళ్లారు. దారి పొడుగని వారికి తెలుసు కాబట్టి దానికి తగ్గట్టు సర్దుకున్నారు. మనకు దారి పొట్టిదని చెప్పారు, మనం చేతులూపుకుంటూ బయలుదేరుతున్నాం.

వేచి ఉండే గంటల్ని లెక్కలోకి తీసుకున్నవారు లేకపోలేదు. జిద్దా విమానాశ్రయంలో హజ్ టెర్మినల్ అని ఉంది, 1981లో మొదలైంది. గోడలు లేకుండా, పైన తెల్లటి గుడారాలు వరుసగా కట్టినట్టుంటుంది. మొత్తం 210 గుడారాలు. దాని నిర్మాణానికి లెక్కలు కట్టిన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్, ఢాకాలో పుట్టినవాడు. అమెరికాలో షికాగో నగరంలోని ఆకాశాన్నంటే సియర్స్ టవర్ కూడా ఆయన పనితనమే. 1982లో ఆయన జిద్దాలోనే కన్నుమూశారు. ఆ గుడారాలు ఎందుకో తెలుసా? హాజీలు దిగాక 18 గంటల దాకా, తిరుగు ప్రయాణంలో 36 గంటల దాకా అక్కడే ఉండవలసి రావచ్చని లెక్కవేసి, కూర్చోవడానికి, పడుకోవడానికి, వండుకోవడానికి నీడ ఉండాలని అలా కట్టారు. ఇప్పుడు అంతసేపు పట్టడం లేదు, ఏర్పాట్లు చాలా మెరుగయ్యాయి. కానీ నలభై ఏళ్లకు ముందే ఆ కట్టడం గీసినవారు హాజీ నిరీక్షణను ప్రయాణంలో భాగంగా లెక్కించారు. మా సంస్థ లెక్కించలేదు.

గడియారం సంగతి ఇంకొకటి. సౌదీ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. రాత్రి 10కి ఎగిరి ఆరు గంటలు ప్రయాణిస్తే అక్కడి గోడ మీద ఒకటిన్నర కనిపిస్తుంది. మూడున్నర గంటలే అయినట్టు అనిపిస్తుంది. వచ్చేటప్పుడు దీనికి తలకిందులు, అక్కడ ఉదయం 10కి ఎక్కితే ఐదున్నర గంటల ప్రయాణం చేసి సాయంత్రం 6కి ఇక్కడ దిగుతాం. ఎనిమిది గంటలు పట్టినట్టుంటుంది. మామూలు మనిషికి ఇది వింత మాత్రమే. సూది వేసుకునేవారికి, బీపీ మాత్రలు, ఫిట్స్ మాత్రలు వేసుకునేవారికి ఇది వింత కాదు. రాత్రి 8కి సూది వేసుకున్న మనిషికి తర్వాతిది మన టైములో ఉదయం 8కి, అంటే జిద్దాలో ఐదున్నరకు. అక్కడి గడియారంలో 8 అయ్యేదాకా ఆగితే మధ్యలో పద్నాలుగున్నర గంటలు గడిచిపోతాయి. అందుకే చెబుతున్నాం, చేతి గడియారాన్ని మక్కా గదికి చేరేదాకా ఇంటి టైములోనే ఉంచండి. ఫోను తనంతట తాను టైము మార్చుకుంటుంది, దాన్ని చూసి మందు వేసుకోవద్దు. అక్కడికి చేరాక వేళలు ఎలా మార్చుకోవాలో, తిండి ఆలస్యమైతే సూది ఏం చేయాలో మీ డాక్టరునే అడిగి కాగితం మీద రాయించుకోండి.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే. విమానంలోని గాలి చాలా పొడిగా ఉంటుంది. మనకు తెలియకుండానే ఒంట్లో తడి ఆరిపోతుంది. గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చుంటే పాదాలు వాస్తాయి, కొందరికి పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. కాబట్టి కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ ఉండండి, గంటకొకసారి లేచి నాలుగడుగులు నడవండి. మరుగుదొడ్డి భయం పోగొట్టే పని మాది. పోయినసారి నుంచి ఈ హాలు వెనక రేకులతో విమానంలోని మరుగుదొడ్డి కొలతల్లోనే చిన్న గది కట్టించాం. తలుపు ఎలా మడుస్తుందో, గడియ ఎటు జరపాలో, నీళ్లు ఎక్కడ నొక్కితే వస్తాయో ఆడవాళ్లకు ఆడవాళ్లే చూపిస్తారు. చూసి నవ్వుకున్నవాళ్లున్నారు. ఖాలా మాత్రం వచ్చి చూసి, "నా కాలంలో ఇది ఉండి ఉంటే" అని అక్కడే నిలబడిపోయింది.

ఇక మీఖాత్ విషయం. ఇహ్రాం లేకుండా దాటకూడని ఆ హద్దు ఎక్కడుందో మౌలానా సాహెబ్ చెప్పారు. మన విమానాలు సాధారణంగా తాయిఫ్ వైపు ఉన్న ఖర్నుల్ మనాజిల్ హద్దు మీదుగా వెళ్తాయి. ఇక్కడ దూరం, సమయం లెక్క ఎందుకు కావాలో చూడండి. విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒక నిమిషంలో పదమూడు కిలోమీటర్లు దాటుతుంది. మీఖాత్ దగ్గర పడిందని చెప్పాక లేచి, సంచి దించి, మరుగుదొడ్డి ముందు వరుసలో నిలబడి బట్టలు మార్చుకోవాలనుకుంటే హద్దు మీకోసం ఆగదు. ఓడల కాలంలో యలమ్‌లమ్ దగ్గరకు వచ్చినప్పుడు కూత వేసి చెప్పేవారట, తీరిగ్గా స్నానం చేసి ఇహ్రాం కట్టుకోవడానికి వ్యవధి దొరికేదట. ఇప్పుడు ఆ వ్యవధి లేదు. నేరుగా జిద్దా వెళ్లే మగవాళ్లు హజ్ హౌస్‌లోనే స్నానం చేసి ఇహ్రాం గుడ్డలు కట్టుకోండి. నియ్యత్, తల్బియా విమానంలో మీఖాత్‌కు ముందు చేసుకోవచ్చు. నిద్రపట్టే అలవాటున్నవాళ్లు పక్కవారికి చెప్పి ఉంచండి. నియ్యత్ తర్వాత విమానంలో చేతులు తుడుచుకోమని సువాసన పూసిన తడి కాగితం ఇస్తారు, దాన్ని ముట్టుకోకండి. మొదట మదీనాకు వెళ్లేవారికి ఈ హడావిడి లేదు. వారు మామూలు బట్టల్లోనే వెళ్లి, మదీనా నుంచి మక్కాకు బయలుదేరే రోజు జుల్ హులైఫా దగ్గర ఇహ్రాం కట్టుకుంటారు. ఏ విమానం ఎక్కడ దిగుతుందో మీ కాగితంలో చూసుకోండి, లేదంటే మా కుర్రాళ్లకు చూపించండి.

హజ్ కాకుండా ఉమ్రాకు సొంతంగా వెళ్లాలనుకునేవారు కూడా ఈ హాల్లో ఉన్నారు కాబట్టి వారికొక మాట. ఏజెంటు మీకు దుబాయ్ మీదుగా టిక్కెట్టు చౌక అని చెబుతాడు. దూరం చూస్తే అది మోసమేమీ కాదు. శంషాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి జిద్దా 1,700. రెండూ కలిపితే నేరుగా వెళ్లే దారికన్నా నూటపాతిక కిలోమీటర్లు కూడా ఎక్కువ కాదు. సమయం చూస్తే కథ వేరు. మధ్యలో ఐదు గంటలు, పది గంటలు, ఒక్కోసారి రాత్రంతా కుర్చీలో కూర్చోవాలి. ముప్పై ఏళ్ల కుర్రాడికి అది కష్టం కాదు. డెబ్బై ఏళ్ల అమ్మను, నాన్నను పంపేటప్పుడు మాత్రం మిగిలే నాలుగు వేలో ఐదు వేలో చూసుకోకండి. టిక్కెట్టు కొనేముందు ఏజెంటును "ఎంతకు?" అని ఒక్కటే అడగకుండా, "ఇంటి నుంచి హోటలు గదిదాకా మొత్తం ఎన్ని గంటలు?" అని అడగండి. చెప్పలేకపోతే ఇంకొకరి దగ్గరకు వెళ్లండి. రమజాన్‌లో వెళ్లేవారు ఇంకొకటి గుర్తుంచుకోండి. పడమటికి వెళ్తున్నాం కాబట్టి పగలు సాగుతుంది. చేతి గడియారంలో కర్నూలు ఇఫ్తార్ వేళ అయినా కిటికీలో సూర్యుడు కనిపిస్తుంటే ఇంకా వేళ కాలేదన్నట్టే. ఉపవాసం ఉండాలా, ప్రయాణంలో ఉన్న సడలింపు వాడుకోవాలా అన్నది ముందే ఆలిమ్‌లను అడిగి తేల్చుకోండి, ఆకాశంలో తేల్చుకోవద్దు.

సాగనంపడం గురించి ఒక మాట అంటాం, బాధపడకండి. ఒక్కో హాజీ వెంట మూడు నాలుగు కార్లు హైదరాబాద్ దాకా వస్తున్నాయి. పూలదండలు, ఫోటోలు, మళ్లీ మళ్లీ కౌగిలింతలు. ప్రేమే, కాదనం. కానీ ఆ సందడిలో హాజీ పొద్దుటి నుంచి భోంచేశాడా అని అడిగే మనిషి ఉండడు. నాంపల్లిలో మేము కళ్లారా చూశాం, దండల బరువుతో ఒక ముసలాయన మెట్ల మీద కూర్చుండిపోయాడు, చుట్టూ ఇరవై మంది ఉన్నారు, ఎవరి చేతిలోనూ నీళ్ల సీసా లేదు. ఒక్క కారు చాలు. మిగతా కార్ల పెట్రోలు డబ్బు మా చక్రాల కుర్చీల నిధికి ఇవ్వండి. హజ్ హౌస్ దగ్గర మా తరఫున ఇప్పుడు రెండే కుర్చీలున్నాయి, వాటిలో ఒకదాని చక్రం సరిగా తిరగదు.

చివరిగా, మా కుట్టు కేంద్రంలోని అక్కచెల్లెళ్లు కుట్టిన గుడ్డ సంచులు ఇక్కడ బల్ల మీద ఉన్నాయి. మెడలో వేసుకునేవి, ఒక్కొక్కరికి ఒకటి, ఉచితం. దాని మీద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో, అరబీలో మీ జబ్బు, మీ మందులు, మీ ఇంటి ఫోను నెంబరు రాసే చీటీ కుట్టి ఉంది. అందులో రెండు రోజులకు సరిపడా మందులు పెట్టుకోవాలి. ఒక రోజుకు కాదు, రెండు రోజులకు. విమానం ఆలస్యమైనా, పెట్టె గదికి మరునాడు చేరినా అవి సరిపోతాయి. ఇన్సులిన్ ఎట్టి పరిస్థితిలోనూ పెద్ద పెట్టెలో పెట్టకండి. సామాన్ల అరలో చలికి అది పాడయ్యే అవకాశం కూడా ఉంది. డాక్టరు రాసిన చీటీ సూదులతో పాటే ఉంచండి, తనిఖీలో అడిగితే చూపించవచ్చు. కత్తెర, గోళ్ల కత్తెర, బ్లేడు మాత్రం చేతి సంచిలో వద్దు, అవి పెద్ద పెట్టెలోనే.

సంచులు పంచడానికి ఈసారి ఖాలాయే వచ్చింది. బల్ల దగ్గర కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నది ఆమే. సంచి ఇచ్చే ముందు మీ మందులు చూపించమంటుంది, ఎన్ని రోజులకు ఉన్నాయో తనే లెక్కపెడుతుంది. ఈ రోజు తీసుకురానివాళ్లు జుమా రోజు నమాజు తర్వాత మా ఆఫీసుకు తీసుకురండి, ఆమె అక్కడే ఉంటుంది. మన ఊరి బస్సు ఈసారి ఫజ్ర్ జమాఅత్ అయిన అరగంటకు ఈద్గా దగ్గర నుంచి బయలుదేరుతుంది. ఇంట్లోవాళ్లు ఎంతసేపట్లో ఫోను చేస్తావని అడిగితే, ఎల్లుండి జుహ్ర్ లోపు అని చెప్పి బయలుదేరండి.